ఎవరూ లేవని పంక్తి

మస్కట్ పక్క అల్ మవాలేలో కూరగాయల దుకాణాల వెనక సందులో ఒక కంపెనీ విల్లా ఉంది. దాని మేడ మీద మూడో రూమ్‌లో, ఎడమ గోడ పక్క మంచం కింద, తాళం వేసిన రేకు పెట్టె ఒకటి ఉంది. అందులో బంగారం లేదు, పాస్‌పోర్టు లేదు. ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా ఉన్నాయి. కంచం అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు: సిరికొండ దేవయ్య. ఆ కంచంలో దేవయ్య తప్ప మరో మానవమాత్రుడు తిన్న దాఖలా లేదు.

దేవయ్యది జగిత్యాల జిల్లా. వయసు యాభై నాలుగు. పద్నాలుగేళ్లుగా ఒమాన్‌లో ఇనుప చువ్వలు కట్టే పని. చువ్వ మీద చువ్వ పెట్టి, బైండింగ్ వైరు చుట్టి, కొక్కెంతో మెలేసి బిగించడం అతని డ్యూటీ. మస్కట్ చుట్టుపక్కల కనీసం ఇరవై మేడల కడుపులో దేవయ్య వేసిన మెలికలున్నాయి. ఇది అతని ఉద్యోగం మాత్రమే. అతని జీవితధ్యేయం వేరు. అది ఎంగిలి నివారణ.

లోకంలోని సమస్త పదార్థాలనూ దేవయ్య రెండు తరగతులుగా విభజించాడు. ఎంగిలి అయినవి, కానివి. మొదటి తరగతి చాలా పెద్దది. గ్లాసు పెదవికి తగిలితే ఎంగిలి. ఒకడు తింటున్న చేత్తో గిన్నె ముట్టుకుంటే గిన్నెడు కూరా ఎంగిలి. నీళ్లు తాగితే తల ఎత్తి, జానెడు ఎత్తు నుంచి పోసుకుంటాడు. ఎండాకాలం సైట్‌లో, పరంజా కర్ర మీద నిలబడి కూడా ఈ నియమం తప్పలేదు. పంక్తి విషయంలోనూ అంతే నిష్ఠ. బంతిలో కూచున్నాక చివరివాడు తినడం ముగించేదాకా ఎవడూ లేవకూడదు. ఎప్పుడో ఒక పెళ్లిలో, పక్కవాడి విస్తట్లో మెతుకులుండగానే లేచిపోయిన మనిషిని దేవయ్య ఈనాటికీ పేరు పెట్టి తిడతాడు. ఆ మనిషి పోయి తొమ్మిదేళ్లయింది.

ఇటువంటి రూమ్‌లోకి పోయిన ఏడాది కంపెనీ ఎబోను పంపింది.

ఎబో ఘనా దేశస్థుడు. సముద్రపు ఒడ్డున జాలరుల ఇంట్లో పుట్టాడు. ఇక్కడ పరంజాలు కడతాడు. ఆరడుగుల పైన ఉంటాడు, తలుపులో వంగి వస్తాడు. అందరిలాగే సైట్ హిందీ నెలలో పట్టేశాడు. దేవయ్యను చాచా అన్నాడు. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు. మే నెలలో సెలవు నుంచి తిరిగొచ్చిన వాళ్లవూరివాడెవడో అతని తల్లి పంపిన సీసా ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఎబో దాన్ని కళ్లకద్దుకున్నంత పని చేసి ఫ్రిజ్‌లో రెండో అరలో పెట్టాడు. మొదటి అరలో దేవయ్య మామిడికాయ తొక్కు ఉంది.

ఆ సీసాలో ఉన్నదాని పేరు మొమోనీ. చేపను ఉప్పులో వేసి, అది పాడయ్యేదాకా ఆగి, పాడయ్యాక ఎండబెట్టి, ఆ తర్వాత దాన్ని తిండి అంటారు. మర్నాడు దేవయ్య మూత తీసి వాసన చూశాడు. ఎందుకు చూశాడంటే, మూత బిగించి ఉండగా వస్తున్న వాసన సీసాదా, ఫ్రిజ్ వెనక ఏదైనా చచ్చిందా అన్న సందేహ నివృత్తి కోసం. నివృత్తి అయింది. దేవయ్య బాత్రూమ్‌కు పోయి అయిదు నిమిషాలు అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చి, సీసాను నాలుగు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదాంట్లో ఒకటి పెట్టి, మూతి బిగించి, సందు చివర చెత్త డబ్బాలో వేసి వచ్చాడు. చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు, మూడోసారి బట్టల సబ్బుతో.

సాయంత్రం ఎబో అడిగాడు, "చాచా, నా సీసా చూశావా?"

దేవయ్య అబద్ధం ఆడే అలవాటున్నవాడు కాదు కాబట్టి అది బొత్తిగా నాసిరకంగా వచ్చింది. "పిల్లి కొంచవోయిందేమో."

ఫ్రిజ్ తలుపు తెరిచి, రెండో అరలోంచి సీసాను ఎత్తుకుని, తిరిగి తలుపు మూసి వెళ్లిన ఆ పిల్లి గురించి ఎబో కాసేపు ఆలోచించాడు. "మస్కట్ పిల్లులు తెలివైనవి," అని మాత్రం అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటినుంచి వంటగదిలో వాళ్ల దేశపు వంట చేయడం మానేసి హోటల్ పరాటాలు తిన్నాడు. దేవయ్య ధర్మరక్షణ చేసిన తృప్తితో ఉన్నాడు.

తృప్తి జూన్ రెండో వారం దాకా నిలిచింది. ఆ రోజు పొద్దున పదకొండింటికి, నాలుగో అంతస్తు మెట్ల దగ్గర, ఎండదెబ్బకు దేవయ్య కళ్లు తిరిగి పడిపోయాడు. ఎబో అతన్ని భుజాన వేసుకుని నాలుగు అంతస్తులు దిగాడు. నీడలో పడుకోబెట్టి, తన బాటిల్ మూతి దేవయ్య పెదవుల మధ్య పెట్టి తాగించాడు. స్పృహ వచ్చాక దేవయ్య మొదట గ్రహించింది తాను బతికానని కాదు. తాను ఎంగిలి నీళ్లు తాగానని. రెండోది, ఆ నీళ్లు పోసినవాడి సీసాను తాను పారేశానని. ఈ రెండూ కలిసి అతని కడుపులో ఎక్కడో ఇరుక్కుపోయాయి. నాలుగు నెలలైనా అరగలేదు.

అక్టోబర్‌లో కంపెనీ ఎబోను ఖబూరా సైట్‌కు మార్చింది. శనివారం పొద్దున బస్సు. దాని ముందు శుక్రవారం సెలవు. బుధవారం ఎబో వచ్చి, "చాచా, పోయే ముందు నా చేతి వంట తినాలి. బెండకాయ సూపు, బాంకు అనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద. తింటావా?" అని అడిగాడు.

మర్యాద కోసం దేవయ్య అన్నాడు, "మా దిక్కు గూడ బెండకాయే. నాకు పాణం."

ఆ మాట అబద్ధం కాదు. నిజం అంతకన్నా ఎక్కువ ప్రమాదకరంగా పనిచేసింది. ఎబో ముఖం వెలిగిపోయింది. రెండు కిలోల బెండకాయలు కొన్నాడు.

గురువారం దేవయ్య ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ముత్తవ్వ అంతా విని అడిగింది, "తినకుంటే ఏమైతది?"

"ఏం గాదు. వాడు నవ్వుకుంట పోతడు. వాడు పోయినంక నాకు బువ్వ దిగది. ముంగట ముక్కు చిట్లియ్యకుంట తినాలె. తిన్నంక సీసా సంగతి వానికి చెప్పాలె. తినకుంట చెప్తే ఏం ముఖం పెట్టుకొని చెప్త?"

"అయితె ముక్కు మూస్కొని మింగు."

"అందరొక్క గిన్నెల తింటరట."

 అతను ఇంట్లో ఉన్నన్నాళ్లూ అతని కంచాన్ని విడిగా తోమిన మనిషి ముత్తవ్వ. "దేవుడున్నడు," అని ఫోన్ పెట్టేసింది.

బెండకాయలో జిగట ఉండటం సృష్టిలో జరిగిన పొరపాటని దేవయ్య నమ్మకం. దాన్ని దిద్దడానికే వంట పుట్టింది. కాయలు కడిగి, ఒక్కొక్కటీ బట్టతో తుడిచి, ఆరబెట్టి, తరిగి, మూత పెట్టకుండా వేయించి, జిగట పూర్తిగా చచ్చిందని రూఢి చేసుకున్నాకే ఉప్పు వేస్తాడు. శుక్రవారం పొద్దున వంటగది గడప దగ్గర నిలబడి, ఎబో చేస్తున్నది చూశాడు. ఎబో బెండకాయను ముక్కముక్కగా కాదు, ముద్దముద్దగా తరిగాడు. నీళ్లలో వేశాడు. అందులో తినే సోడా చిటికెడు వేసి గరిటెతో గిలకొట్టాడు. గరిటె పైకెత్తితే గిన్నె నుంచి గరిటె దాకా ఒక తీగ సాగింది. అది తెగలేదు. ఎబో దాన్ని చూసి సంతోషించాడు.

"సోడా వేస్తే ఇంకా సాగుతుంది, చాచా."

"అవునా," అన్నాడు దేవయ్య, గోడ పట్టుకుని.

పక్క బకెట్‌లో మూడు రోజులుగా నానుతున్న మక్కపిండి ఉంది. పైన బుడగలు లేచి పగులుతున్నాయి. ఒక్కో బుడగ పగిలినప్పుడు పులిసిన గాలి ఒకటి వదులుతోంది. చిన్నప్పుడు ఇంట్లో బియ్యం లేని రోజుల్లో దేవయ్య మక్కగటుక తిన్నాడు. గల్ఫ్‌కు వచ్చిందే ఆ గటుక మళ్లీ తినకుండా ఉండటానికి. అది ఇప్పుడు పులిసి, నాలుగువేల మైళ్లు చుట్టి తిరిగి, తన వంటగదిలోకే వచ్చింది.

ఆఖరున ఎబో జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. విప్పాడు. దేవయ్య ముక్కు ఆ వాసనను వెంటనే గుర్తుపట్టింది. ఒకసారి పరిచయమైతే మర్చిపోయే వాసన కాదది.

"బౌషర్‌లో ఉన్న మావాడి దగ్గర కొంచెం దొరికింది," అన్నాడు ఎబో. "ఇది లేకపోతే సూపుకు ప్రాణం లేదు."

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బంతి కూచుంది. నేల మీద ప్లాస్టిక్ షీటు. నడుమ బట్టలు ఉతికేంత పెద్ద స్టీలు బేసిన్. అందులో ఎర్రటి పామాయిల్ తేలే ఆకుపచ్చటి జిగట. దాని నడుమ తెల్లటి పిండి ముద్దలు, మునిగిన తలకాయల్లా. ఒక పక్క నుంచి చేప ఒకటి కన్ను బయటపెట్టి దేవయ్యనే చూస్తోంది. బేసిన్ చుట్టూ నలుగురు. ఎబో. బౌషర్‌లో సెక్యూరిటీ గార్డుగా చేస్తున్న అతని దేశస్థుడు ఫీఫీ. భారీ మనిషి, హిందీ రాదు, తిండి ముందు మాట్లాడడు. కడప నుంచి వచ్చిన డ్రైవర్ మొయినుద్దీన్, దేవయ్య రూమ్‌మేట్, అప్పుడే మసీదు నుంచి వచ్చాడు. నాలుగోవాడు దేవయ్య. అతని కంచం పెట్టెలో తాళం వేసి ఉంది.

"ఏమన్నా, కంచం తెచ్చుకోల్యా?" అన్నాడు మొయినుద్దీన్ కావాలనే.

"నోరు మూస్కొని తిను."

మొయినుద్దీన్‌కు ఏ బాధా లేదు. ఒక పళ్లెం చుట్టూ నలుగురు కూచుని తినడం వాళ్లింట్లో మామూలు. పైగా రాగిసంగటి మీద పెరిగినవాడు. పిండి ముద్ద తుంచి, జిగటలో ముంచి, గుటుక్కున మింగాడు. "మన సంగటి మాదిరే ఉండాది. కొంచెం పులుపు, అంతే. నమలగూడదున్నా. నమిల్తే పాడు. గొంతుకు అప్పజెప్పేయ్."

దేవయ్య తుంచాడు. ముంచాడు. ఎత్తాడు. బేసిన్ నుంచి అతని వేళ్ల దాకా తీగ సాగింది. అతను చేయి పైకెత్తినకొద్దీ అదీ లేచింది. వేలితో చుట్టి తెంపాలని చూస్తే రెండు తీగలైంది. ఎబో నేర్పాడు: మణికట్టు ఒకసారి తిప్పితే తెగుతుంది. దేవయ్య తిప్పాడు. తెగిన తీగ గడ్డం మీద పడింది. కళ్లు మూసుకుని ముద్ద నోట్లో పెట్టాడు. అంతవరకూ నమలడమే తెలిసిన నోరు ఆ పనే చేయబోయింది, దేవయ్య అడ్డుకున్నాడు. ముద్ద గొంతు దగ్గర ఆగి, వెళ్లాలా రావాలా అని ఆలోచించి, ఎట్టకేలకు వెళ్లింది. దాని వెనకే వాసన వచ్చింది. చేప వాసన కాదు, చేప జ్ఞాపకం కుళ్లిన వాసన.

"ఎట్లుంది, చాచా?"

"మస్తుంది," అన్నాడు దేవయ్య. అతని ముక్కు చిట్లలేదు. నుదుటి మీద చెమట మాత్రం ఆపలేకపోయాడు.

ఆ తర్వాత అతనొక తప్పు చేశాడు. ఎంత తొందరగా తింటే అంత తొందరగా బేసిన్ ఖాళీ అవుతుందని లెక్కవేసి, వేగం పెంచాడు. చూసిన ఎబోకు గుండె నిండింది. లోపలికి పోయి ఇంకో మూడు ముద్దలు, రెండు గరిటెల జిగట తెచ్చి వేశాడు. దేవయ్య "బస్, బస్" అన్నాడు. తమ ఊళ్లో చాలు అన్నవాడికి వేయడమే మర్యాద అని అతనికి తెలుసు. ఆ మర్యాద ఆఫ్రికాలో కూడా ఉంటుందని తెలియదు.

రెండో దఫా అయిపోవచ్చే వేళకు ఎబో అన్నాడు, "ఇప్పుడు చేప. చాచా, నువ్వే పంచాలి. పెద్దవాడివి."

అందుకే చేపను ఎవరూ ముట్టుకోలేదని దేవయ్యకు అప్పుడు అర్థమైంది. అతను మోచేతి దాకా కాకపోయినా మణికట్టు దాకా చేయి జిగటలోకి దించాడు. చేప దొరికినట్టే దొరికి రెండుసార్లు జారింది. మూడోసారి పట్టి నాలుగు ముక్కలు చేశాడు. తలకాయను ఎబో వైపు జరిపితే ఎబో వినయంగా తిరిగి జరిపాడు. తలకాయ పెద్దవాడిది. దేవయ్య దాన్ని తిన్నాడు. కన్ను గురించి ఇక్కడ రాయకపోవడమే అందరికీ మంచిది.

చేప అయిపోయింది. పిండి అయిపోయింది. బేసిన్ అడుగున రెండు వేళ్ల మందాన జిగట మిగిలింది. దేవయ్య మిగతావాళ్లు ముగించి లేస్తారని చూశాడు. ఎవరూ లేవలేదు. ఫీఫీ వేలు ముంచి, నాకి, మళ్లీ ముంచాడు. ఇంకా తింటున్నారు కాబోలు, పంక్తిలో తాను ముందు లేస్తే అపచారం అనుకుని, దేవయ్య కూడా వేలు ముంచి నాకాడు. అది చూసి ఎబో ముంచి నాకాడు. మొయినుద్దీన్ వీళ్ల ముగ్గుర్నీ చూసి, ఏమిటో తెలియకపోయినా, తానూ ముంచాడు. నలుగురు మగవాళ్లు, నాకిన వేలు మళ్లీ ముంచుతూ, ముంచిన వేలు మళ్లీ నాకుతూ, గోడ గడియారం ప్రకారం ఇరవై నిమిషాలు గడిపారు. దేవయ్య ఇన్నేళ్లుగా తప్పించుకున్న ఎంగిలి అంతా వడ్డీతో సహా లోపలికి పోయింది. ఫీఫీ బెల్టు ఒక రంధ్రం వదులు చేశాడు. తర్వాత ఇంకోటి. తర్వాత బెల్టు తీసి పక్కన పెట్టి, నొప్పిగా ఒక మూలుగు మూలిగాడు.

ఎబో మొయినుద్దీన్ చెవిలో అడిగాడు, "చాచా ఎప్పుడు లేస్తాడు?"

"ఎందుకు?"

"మా ఇంట్లో పెద్దవాడు లేవకుండా ఎవరూ లేవరు. ఫీఫీకి నాలుగింటికి డ్యూటీ ఉంది. ఇంక తట్టుకోలేడు."

మొయినుద్దీన్ వేలు షీటుకు తుడుచుకున్నాడు. తర్వాత దేవయ్య వైపు తిరిగాడు. "దేవయ్యన్నా, నువ్వు యాల లేవవు?"

"అందరి తినుడు గానీ. వాండ్లు తింటుంటె నేనెట్ల లేస్త? పంక్తి ఆగమైతది."

"వాళ్లు తినడంల్యా. నువ్వు లేచ్చావని చూచ్చాండారు. పెద్దోడివి నువ్వు లేచ్చేనే వాళ్లు లేచ్చారంట. ఇంతసేపటి నుంచీ ఒకరి మొగం ఒకరు చూసుకుంటా నాకుతాండాము."

దేవయ్య ముగ్గుర్నీ చూశాడు. బేసిన్‌ను చూశాడు. మోకాలి మీద చేయి ఆనించి మెల్లగా లేచాడు. అతను సగం లేచేసరికే ఫీఫీ పూర్తిగా లేచి, బెల్టు భుజాన వేసుకుని, బాత్రూమ్ వైపు వెళ్లిపోయాడు.

ఎబో పెద్దగా నవ్వుతున్నాడు. దేవయ్య నవ్వలేదు. కుడిచేతి నుంచి జిగట షీటు మీదికి తీగలుగా కారుతుండగా, చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్పకపోతే పొద్దున బస్సు వెళ్లిపోతుందని గుర్తొచ్చింది.

"ఎబో, ఆ సీసా..."

"చాచా," అన్నాడు ఎబో, నవ్వు తగ్గించకుండానే, "పిల్లి కడుపు నిండిందా?"

దేవయ్య ఫ్రిజ్ వైపు చూశాడు.

"ఆ సాయంత్రం చెత్త పారేసింది నేనే. డబ్బాలో సంచి కనపడింది, లోపల నా సీసా పగిలి ఉంది. మూతికి బైండింగ్ వైరు, రెండు మెలికలు, చివర లోపలికి మడిచి. చెత్త సంచికి ఎవడు అట్లా కడతాడు? సైట్‌లో అట్లా కట్టేది నువ్వొక్కడివే."

పద్నాలుగేళ్ల పనితనం తనను పట్టించిందని దేవయ్యకు అర్థమైంది. "తెల్సి గూడ నన్ను మోస్కొచ్చినవా?"

"మెట్ల మీద అడ్డంగా పడ్డావు. నేను కిందికి దిగాలి కదా."

"అమ్మ పంపింది పారేసిన."

"అవును. వారం రోజులు కోపంగా ఉన్నా. అందుకే ఇవాళ మొమోనీ రెండింతలు వేశా."

మొయినుద్దీన్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అతని భుజాలు ఊగుతున్నాయి.

దేవయ్య వంగి బేసిన్ ఎత్తుకున్నాడు. ఎబో కంగారుగా అడ్డం వచ్చాడు. పెద్దవాడు గిన్నె కడగడం వాళ్లింట్లో పరువు తక్కువ. "జరుగు," అన్నాడు దేవయ్య. వంటగదిలో కుళాయి కింద పెట్టి, నలుగురి నోళ్ల నుంచి తిరిగొచ్చిన ఆ జిగటలో వట్టి చేయి పెట్టి తోమాడు. అది నీళ్లతో పోలేదు. సబ్బు వేస్తే సబ్బు కూడా జిగటైంది. మూడో సబ్బుకు గిన్నె కిర్రుమంది. ఆ పని సాగినంతసేపూ అతను ఊపిరి బిగబట్టాడు; ఊపిరి తీసుకోవాల్సినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

శనివారం ఎబో ఖబూరా బస్సెక్కాడు. ఎక్కే ముందు చిన్న సీసా ఒకటి దేవయ్య చేతిలో పెట్టాడు. మూతకు బైండింగ్ వైరు చుట్టి ఉంది, రెండు మెలికలు. కట్టు వదులుగా ఉంది, పరంజావాడి కట్టు. దేవయ్య రూమ్‌కు వచ్చి కొక్కెం తీసి, మెలిక బిగించి, సీసాను ఫ్రిజ్‌లో రెండో అరలో పెట్టాడు. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ముక్కు మూసుకుంటాడు. కుడిచేతి వాసన మంగళవారం దాకా పోలేదు. అందాకా చెంచాతో తిన్నాడు.

ఆదివారం ముత్తవ్వ ఫోన్‌లో అడిగింది, "ఎట్లుండె?"

"థూ," అన్నాడు దేవయ్య. "ఇప్పటికీ గొంతులనే ఉన్నట్టుంది. బెండకాయ పేరెత్తకు."

"చెప్పినవా వానికి?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"వచ్చే నెల శుక్రవారం మల్ల వస్తడట." దేవయ్య ఫోన్‌ను రెండో చెవికి మార్చాడు. "సీసా నన్నే చూస్కొమ్మన్నడు."